బ్యాటరీ పోతే మిషన్ మొత్తం పారేయాలా?

చేతి వాచీలో సెల్ అయిపోతే వాచీ పారేస్తామా? కోఠీలో ఫుట్‌పాత్ మీద గొడుగు కింద కూర్చునే తాత వెనక మూత తీసి, సెల్ మార్చి, ఆ సన్నని రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో లేదో భూతద్దంలో చూసి మరీ మూసి ఇస్తాడు. ఐదు నిమిషాల పని. ఇరవై రెండు వేలు పోసి కొన్న, హ్యాండిల్ మీద బిగించుకుని వేగం, దూరం చూసుకునే నా సైకిల్ కంప్యూటర్‌కు మాత్రం ఆ భాగ్యం లేదట.

కొని ఐదేళ్లయింది. కొత్తలో ఒకసారి చార్జ్ పెడితే మూడు ఆదివారాలు వచ్చేది. పోయిన నెల ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబర్‌లో తెరిచారే, అక్కడ నార్సింగి దగ్గర ఎక్కాను. కొల్లూరు ఇంకా రానే లేదు, 41 శాతం చూపిస్తూ చూపిస్తూనే గుటుక్కుమంది. స్ట్రావాలో (తొక్కిన దూరం నమోదు చేసే యాప్) ఎక్కని రైడ్ తొక్కినట్టా, తొక్కనట్టా అనేది మా గ్రూపులో ఇప్పటికీ తేలలేదు.

41 దగ్గర ఆరిపోవడం దయ్యం పనేం కాదు. లిథియం బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ లోపల రెసిస్టెన్స్ పెరుగుతుంది. జీపీఎస్, స్క్రీన్ లైటు కలిసి ఒక్కసారి కరెంటు లాగితే వోల్టేజ్ దభీమని పడిపోతుంది, మిషన్ ఆగిపోతుంది. నిండా చార్జ్ పెట్టి మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పడేయడం దీనికి మరీ చేటు. ఆ పాపం నేను చాలాసార్లు చేశా, ఒప్పుకుంటున్నా.

సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, "ఈ మోడల్‌కు బ్యాటరీ మార్చం సర్, పాతది ఇచ్చేస్తే కొత్తదాని మీద ఇరవై శాతం తగ్గిస్తాం" అన్నాడు ఆ అబ్బాయి. స్క్రీన్ బాగుంది, బటన్లు బాగున్నాయి, జీపీఎస్ బంగారంలా ఉంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టుంది.

ఇక నేనే తెరిచా. చార్జ్ అడుగంటేదాకా ఆగా, ఎందుకంటే నిండుగా ఉన్నదానికి గాటు పడితే నిప్పే. వెనక నక్షత్రం తల స్క్రూలు ఆరు. అవి తీసినా మూత కదలదు, చుట్టూ జిగురు. హెయిర్ డ్రయ్యర్‌తో చేయి ఆనించగలిగేంత వేడి మాత్రం పెట్టి, పాత ఏటీఎం కార్డు దూర్చి, అంగుళం అంగుళం కదుపుతూ గంటన్నర. లోపల బ్యాటరీ పూరీలా ఉబ్బి స్క్రీన్‌ను నెడుతోంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే స్క్రీన్ కూడా పగిలేది. దాని కిందా జిగురే! స్క్రూడ్రైవర్‌తో లేపుదామని చేయి దురద పెడుతుంది, ఆ పని మాత్రం చేయకండి. నేను గట్టి దారం కిందికి పోనిచ్చి, రంపంలా అటూ ఇటూ లాగి ఊడదీశా.

బ్యాటరీ మీద 503450 అని ఉంది. అంటే మందం 5 మిల్లీమీటర్లు, వెడల్పు 34, పొడవు 50. ఈ ఆరంకెలు, 3.7 వోల్టులు, ఎన్ని వైర్లున్నాయో తెలిస్తే కంపెనీ పేరుతో పనే లేదు. గుజరాతీ గల్లీలో ఒకాయన "ఇదే సైజులో రెండువేల ఎంఏహెచ్ ఉందన్నా, తీస్కో" అన్నాడు. ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క. ఈ సైజులో పట్టేది దాదాపు వెయ్యే. మిగతా వెయ్యి స్టిక్కర్‌లో ఉంటుంది. పక్క కొట్టులో వెయ్యిదే తీసుకున్నా, చివర్లో పసుపు టేపు కింద మితిమీరిన చార్జ్, షార్ట్ నుంచి కాపాడే ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్నది. 350 రూపాయలు.

తగిలించబోయేముందు ఎందుకో అనుమానం వచ్చి పాత కనెక్టర్, కొత్త కనెక్టర్ పక్కపక్కన పెట్టి చూశా. రెండూ బియ్యపు గింజంత తెల్లటి ప్లాస్టిక్ ముక్కలే, కానీ ఎరుపు, నలుపు వైర్లు అటుదిటు, ఇటుదటు! అలాగే గుచ్చి ఉంటే బోర్డు క్షణంలో పోయేది. సూది మొనతో చిన్న నాలుకలు పైకెత్తి, వైర్లు ఒక్కొక్కటిగా లాగి (రెండు పిన్నులు తగిలితే మెరుపే), స్థానాలు మార్చి, మల్టీమీటర్‌తో రెండుసార్లు చూసుకుని అప్పుడు పెట్టా. మా నాన్న చూసి "ఇంజనీరింగ్‌లో ఈ శ్రద్ధ ఉంటేనా..." అని వెళ్లిపోయారు.

కంపెనీల వాదన ఒకటే, నీళ్లు పోకుండా ఉండాలంటే జిగురు తప్పదని. వాచీ తాతకు చెప్పండి ఆ మాట. రబ్బరు రింగు, నాలుగు స్క్రూలతో అయ్యే పనే అది. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి చిన్న బ్యాటరీలను వాడేవాళ్లే తీసి మార్చుకునేలా వస్తువులు చేయాలని చట్టం వస్తోంది. అందులోనూ ప్రధానంగా తడిలో వాడే కొన్ని వస్తువులకు సడలింపు ఉంది. సైకిల్ మీద వాన పడుతుంది కదా అని వీళ్లు ఆ సందులోంచి దూరడానికి చూస్తారేమోనని నా అనుమానం. మన దగ్గర 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ (కొన్న వస్తువును బాగు చేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచారు. మంచిదే, కానీ పోర్టల్‌తో జిగురు ఊడదు.

నా మూత ఇప్పుడు కంపెనీ నుంచి వచ్చినంత బిగువుగా లేదు, నిజం చెప్పాలిగా. వాన పడితే తీసి జేబులో పెట్టుకుంటున్నా. మొన్న గండిపేట వెళ్లొచ్చా, నాలుగు గంటల తర్వాత 74 శాతం.

ఆ ఉబ్బిన పాతది మాత్రం కొసలకు టేపు చుట్టి, బాల్కనీలో ఇసుక పోసిన డబ్బాలో పెట్టా. చెత్త బండిలో వేయకూడదు, నలిగితే బండే అంటుకుంటుంది. అమ్మ రోజూ "ఆ బాంబు ఎప్పుడు తీస్తావురా" అంటోంది. మియాపూర్ వైపు ఇలాంటివి తీసుకునే ఈ-వేస్ట్ వాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి.