కలింబాను ఇంగ్లిష్ ఆయన కనిపెట్టలేదు

చెక్కకు బిగించిన లోహపు రేకులను బొటనవేళ్లతో మీటి వాయించే కలింబా గురించి ఒక మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. దాన్ని 1950ల్లో హ్యూ ట్రేసీ అనే ఇంగ్లిష్ ఆయన కనిపెట్టాడట. వాయిస్తే జుయ్‌మని శబ్దం వస్తే ఆ పీసులో లోపం ఉన్నట్టట. అసలది టెన్షన్ తగ్గించుకునే బొమ్మేగానీ సంగీత వాయిద్యం కాదట. మూడూ తప్పే.

ట్రేసీ దక్షిణాఫ్రికాలో వీటిని తయారు చేయించి, పాశ్చాత్య స్వరాలకు శ్రుతి చేసి, కలింబా పేరుతో విదేశాలకు అమ్మాడు. అంతవరకు నిజం. ఆఫ్రికాలో ఎన్నో ప్రాంతాలు తిరిగి వేల పాటలు రికార్డు చేసి దాచింది కూడా ఆయనే, ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. కానీ 1586లో ఆగ్నేయాఫ్రికా చేరిన పోర్చుగీసు మతగురువు ఒకరు తొమ్మిది ఇనుప రేకుల 'అంబిరా' గురించి అప్పుడే రాసిపెట్టాడు. జింబాబ్వేలోని షోనా జాతివాళ్లు ఇప్పటికీ దాన్ని ఎంబిరా అనే అంటారు. కాంగోలో లికెంబే అంటారు.

ఇక జుయ్‌మనే శబ్దం. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ మాటే. జింబాబ్వేలో ఎంబిరా చెక్కకు కావాలనే గవ్వలో సీసా మూతలో బిగిస్తారు. దాన్ని పెట్టి వాయించే సొరబుర్ర అంచుకూ కడతారు. రేకు మీటినప్పుడు అవి అదిరి, స్వరం చుట్టూ ఒక గరగర కమ్ముకుంటుంది. అది లేకపోతే వాళ్లకు నాదం వెలితిగా ఉంటుంది. మన తంబురలో తీగ కింద దారప్పోగు పెట్టి జీవ రప్పించడం లేదూ? ఆ జుమ్మనే నాదాన్ని లోపమని మనం ఎప్పుడైనా అన్నామా?

బొమ్మ అనేవాళ్లు షోనా వాళ్ల 'బిరా' గురించి తెలుసుకోవాలి. పూర్వీకుల ఆత్మలను పిలవడానికి రాత్రంతా జరిపే పూజ అది. అందులో మోగే పెద్ద ఎంబిరాకు ఇరవైకి పైగా రేకులుంటాయి. రెండు బొటనవేళ్లతో పాటు కుడి చూపుడువేలు కూడా పనిచేస్తుంది. ఒకరు వాయించే వరుస సందుల్లో రెండోవారి స్వరాలు పడతాయి. విడివిడిగా ఎవరూ వాయించని రాగం ఒకటి వినేవాళ్ల చెవిలో తయారవుతుంది.

1970ల్లో తెల్లవాళ్ల పాలన మీద పోరాటం సాగుతున్నప్పుడు జింబాబ్వే గాయకుడు థామస్ మాప్ఫుమో ఈ వరుసలనే గిటారు మీదికి తెచ్చాడు. కాంగో రాజధాని కిన్షాసాలో కొనోనో నంబర్ వన్ బృందం పాత కారు విడిభాగాల అయస్కాంతాలతో మైకులు చేసుకుని, లికెంబేలను వీధంతా దద్దరిల్లేలా వాయించింది.