శ్రీకృష్ణ జన్మస్థానంలో మార్క్సు పాఠాలు

పార్టీలను నిషేధించే ప్రభుత్వాలను ఆడిపోసుకోవడం మనకు అలవాటైపోయింది గానీ, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య యుగోస్లావియా రాజుగారి ప్రభుత్వం తన కమ్యూనిస్టులను ఎంత భద్రంగా దాచిపెట్టిందో ఎవరూ చెప్పరు. ఆ లోటు నేను తీరుస్తాను.

1920 ఆగస్టులో వీళ్లు బెల్‌గ్రేడ్ మునిసిపాలిటీ గెలిచేశారు. మేయర్‌గా ఎన్నికైన ఫిలిప్ ఫిలిపోవిచ్ కుర్చీలో కూర్చుందామని వెళ్తే పోలీసులు కూర్చోనివ్వలేదు. పోనీ అని నవంబరులో రాజ్యాంగ సభకు పోటీ చేసి, 419 సీట్లలో అరవైకి కాస్త తక్కువగా తెచ్చుకుని మూడో పెద్ద పార్టీ అయి కూర్చున్నారు. ఇక ఊరుకుంటే లాభం లేదని డిసెంబరు నెలాఖరులో 'ఒబ్జ్‌నానా' వేశారు, మన భాషలో దండోరా అనుకోండి, పార్టీ పని బంద్. ఆ దండోరా వెనకున్న హోంమంత్రి ద్రాష్కోవిచ్‌ను మరుసటి జులైలో ఒక కమ్యూనిస్టు కుర్రాడు కాల్చి చంపాడు. సాకు కోసం చూస్తున్నవాళ్లకు అంతకంటే ఏం కావాలి, ఆగస్టుకల్లా పార్టీని నిషేధిస్తూ కొత్త చట్టం, సభలో వాళ్ల సభ్యత్వాలు రద్దు.

వేలల్లో ఉన్న పార్టీ కొన్నేళ్లకే వందల్లోకి వచ్చింది. మిగిలిన ఆ గుప్పెడు మందయినా కలిసున్నారా? కుడి, ఎడమ అని వేరు కాపురాలు పెట్టారు! మహాసభలేమో దేశం బయట, వియన్నాలో ఒకటి, డ్రెస్డెన్‌లో ఒకటి.

ఇంత గందరగోళంలో కాస్త ప్రశాంతంగా పని జరిగిన చోటంటే జైలే. మోషా పియాదే అనే చిత్రకారుడు 1925లో లోపలికెళ్లి, రాజుగారి తిండి తింటూ, తోటి ఖైదీతో కలిసి మార్క్స్ 'పెట్టుబడి'ని అనువాదం చేశాడు (నాకైతే ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నా నాలుగు పేజీలు సాగలేదు). 1928లో ఈ కోర్టును నేను గుర్తించనని జడ్జీలకే చెప్పి ఐదేళ్లు వేయించుకున్న జోసిప్ బ్రోజ్, అదే తర్వాత యుగోస్లావియాను ఏలిన మన టిటో, లెపోగ్లావా జైలుకొచ్చాడు. చేతిపని తెలిసినవాడు కదా అని అధికారులు కరెంటు ప్లాంటు అప్పగించారు. ఆయన పియాదేను హెల్పర్‌గా పెట్టుకున్నాడు, బొమ్మలు గీసుకునే మనిషికి వైర్లతో ఏం పనని ఎవరూ అడిగినట్టు లేదు. ఊళ్లో లైట్ల రిపేరు పేరుతో టిటో జైలు గేటు దాటి వెళ్లొచ్చేవాడు కూడా.

ఇక రాజుగారి పోలీసులకు దొరక్కుండా తెలివిగా మాస్కో చేరుకున్న పెద్ద నాయకుల సంగతి. గోర్కిచ్‌ను 1937లో, సీమా మార్కోవిచ్‌ను 1939లో సొంత మనుషులే, అంటే స్టాలిన్ పోలీసులే కాల్చేశారు.

పియాదే సరిగ్గా రాముడి లెక్కన పద్నాలుగేళ్లు పూర్తిచేసుకుని 1939లో ప్రాణాలతో బయటికొచ్చాడు. ఫిలిపోవిచ్‌ను మాత్రం మాస్కోలో, 1938లో కాల్చేశారు. బెల్‌గ్రేడ్ పోలీసులు ఆయన దగ్గర లాక్కున్నది కుర్చీ ఒక్కటే.