ఏటా అయిపోవడానికి ఏసీ గ్యాస్ ఏమైనా పెట్రోలా అండీ?

దాళ్వా (రబీ వరి) కోతలు మొదలయ్యాయో లేదో, వాట్సాప్‌లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. అందులో ఉన్నదిది: "కారు ఏసీలో వేడిగాలి వస్తే గ్యాస్ అయిపోయినట్టే. పెట్రోల్‌లాగే అదీ ఖర్చవుతుంది, ఏటా ఎండాకాలం ముందు నింపించండి. కాస్త ఎక్కువ వేయిస్తే ఇంకా చల్లగా ఉంటుంది. కారు కింద నీళ్లు కారుతుంటే గ్యాస్ లీకవుతున్నట్టు. డబ్బు దండగ అనుకుంటే వంటగ్యాస్ కూడా పనిచేస్తుంది." ఇది చదివి భీమవరం నుంచి అమలాపురం దాకా జనం షెడ్డుకెళ్లి, బండి దిగకుండానే "గ్యాస్ కొట్టెయ్యండి" అంటున్నారు.

ముందు ఆ "ఖర్చవుతుంది" సంగతి. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా మండి ఖర్చవదు, అరగదు. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది. బంపర్ వెనకున్న కండెన్సర్‌లో అది వేడి వదిలేసి ద్రవమవుతుంది. డాష్‌బోర్డు వెనక ఎవాపరేటర్‌లో ఆవిరవుతూ కారు లోపలి వేడిని లాక్కుని మళ్లీ కంప్రెసర్‌కే వస్తుంది. తిరిగేది అదే గ్యాస్. ఇంట్లో ఫ్రిజ్‌కి ఏటా గ్యాస్ ఎవరు పట్టిస్తున్నారు చెప్పండి?

కాకపోతే ఫ్రిజ్‌కీ కారుకీ ఒక తేడా ఉంది, అది ఒప్పుకోవాలి. ఫ్రిజ్ కంప్రెసర్ మోటారుతో సహా డబ్బాలో సీలై ఉంటుంది. కారులో బెల్టు తిప్పాలి కాబట్టి షాఫ్టు బయటికి వస్తుంది, దానికో సీలు ఉంటుంది. ఇంజిన్ కదులుతుంది కాబట్టి రబ్బరు గొట్టాలూ తప్పవు. వాటిలోంచి ఏడాదికి కొన్ని గ్రాములు పోతాయి. అయిదారేళ్ల బండిలో చల్లదనం కాస్త తగ్గిందంటే నమ్మొచ్చు. పోయిన వేసవిలో నింపింది ఈ వేసవికి ఖాళీ అయిందంటే మాత్రం ఎక్కడో చిల్లు ఉంది. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలిలో తిరిగే బళ్లకి అల్యూమినియం కండెన్సర్‌ని ఆ ఉప్పు తినేయడం మామూలే. గ్యాస్‌తోపాటే కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, లీకున్న చోట జిడ్డు మరక మీద దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తుంది. నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, సబ్బు నురగ రాస్తే బుడగలొస్తాయి. ఆ చిల్లు మూయకుండా గ్యాస్ పట్టడమంటే గాలికి డబ్బు పోయడమే.

అసలు వేడిగాలి వచ్చిందంటే గ్యాసే తక్కువని ఎవరు చెప్పారు? మన దగ్గర ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌ని. కోతల రోజుల్లో ధాన్యం ఆరబోసేది రోడ్ల మీదే. అందులోంచి పోయే ప్రతి బండీ ఆ తవుడులాంటి దుమ్ము పీల్చుకుంటుంది. రాత్రి చెరువు గట్ల మీద పురుగులు, మిల్లుల దగ్గర ఊక, అంబాజీపేట వైపు కొబ్బరి పీచు పొట్టు సరేసరి. గ్రిల్ సందులోంచి టార్చి వేసి చూడండి: సన్నటి రేకుల మధ్య దుమ్మూ పురుగు రెక్కలూ కలిసి అట్టకట్టి ఉంటాయి. వేడి బయటికి పోయే దారి ఏది? ఇంజిన్ చల్లారాక మామూలు పైపుతో మెల్లగా కడిగితే చాలు. బైకులు కడిగే ప్రెషర్ గన్ పెడితే రేకులు పడుకుంటాయి.

ఇంకో గుర్తు. హైవే మీద చల్లగా ఉండి, గడియారస్తంభం సెంటర్ ట్రాఫిక్‌లో ఆగగానే వేడెక్కుతుంటే కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి. ఏసీ నొక్కగానే 'టక్' మని కంప్రెసర్ క్లచ్ (బెల్టుకి కంప్రెసర్‌ని కలిపేది) పట్టుకోకపోతే ఫ్యూజు, రిలే, వైరు చూడాలి (కొన్ని కొత్త బళ్లలో ఈ క్లచ్ ఉండదు లెండి). కంప్రెసర్ బాగానే తిరుగుతూ గాలి మాత్రం వేడిగా వస్తుంటే, డాష్‌బోర్డు లోపల గాలిని హీటర్ వైపు మళ్లించే చిన్న తలుపు ఇరుక్కుపోయి ఉండొచ్చు. వీటిలో దేనికీ గ్యాస్‌తో పనిలేదు.

గ్యాస్ బాగా తగ్గితే కూడా కంప్రెసర్ ఆగుతుంది, ప్రెషర్ స్విచ్ ఆపేస్తుంది. ఆ స్విచ్‌ని వైరుతో డైరెక్టు చేసేవాళ్లున్నారు, వాళ్లతో జాగ్రత్త. గ్యాస్ తిరగనిదే ఆయిల్ తిరగదు, కంప్రెసర్ పట్టేస్తుంది.

"కాస్త ఎక్కువ వేయిస్తే" అన్నది ఇంకా ప్రమాదం. చాలా చిన్న కార్లకి పట్టేదే అర కిలో అటూఇటూ. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. ఎక్కువైతే కండెన్సర్ సగం ద్రవంతోనే నిండిపోతుంది, ప్రెషర్ పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది. గేజి చూసి ఆపేస్తే సరిపోదా అంటే, సరిపోదు. ఏసీ ఆపి ఉన్నప్పుడు లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నా, ప్రెషర్ బయటి ఎండని బట్టే చూపిస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఆర్134ఏ గ్యాస్‌కి (చాలా కార్ల ఏసీల్లో ఉండేది ఇదే) గేజి మీద సుమారు 97 పీఎస్ఐ ప్రెషర్ వస్తుంది, లోపల 200 గ్రాములున్నా 400 ఉన్నా అంతే. అందుకే పాత గ్యాస్ తీసి, వ్యాక్యూమ్ పెట్టి (లోపలి గాలి, చెమ్మ లాగేసి), తూకం వేసి నింపాలి. "ఎన్ని గ్రాములు పట్టింది?" అని అడగండి. చెప్పలేకపోతే ఇంకో షెడ్డు చూసుకోండి.

కింద కారే నీళ్లా? అవి మన గాలిలోని చెమ్మ. కోనసీమ ఉక్కలో ధారగా కారాలి కూడా, ఎవాపరేటర్ పనిచేస్తోందనడానికి అదే సాక్ష్యం. ఆర్134ఏ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది, బయటికొస్తే ఆవిరే తప్ప నీటిచుక్కలా కారదు.

ఇక వంటగ్యాస్. అది చల్లబరుస్తుంది, నిజమే. ఇప్పటి ఫ్రిజ్‌లలోనూ మండే గ్యాస్ వాడుతున్నారు. అయితే అందులో ఉండేది కొన్ని పదుల గ్రాములు, దానికి తగ్గట్టే ఆ పెట్టె తయారవుతుంది. కారులో ఎవాపరేటర్ ఉండేది మీ మోకాళ్ల ముందు. అక్కడ చిల్లు పడితే గ్యాస్ అద్దాలు మూసిన కారులోకే వస్తుంది. అలా కల్తీ అయిన బండిని పాత గ్యాస్ లాగి దాచే రికవరీ మిషన్‌కి తగిలిస్తే అందులోని మంచి గ్యాస్ కూడా పాడవుతుంది, అందుకే తెలిసిన మెకానిక్ ఎవరూ దాన్ని ముట్టుకోరు.