ఎలుకల కాలనీ లెక్క ఎన్ని పుట్టాయని కాదు, పాలు మరిచేదాకా ఎన్ని నిలిచాయని

"ఒక మగది, నాలుగు ఆడవి ఒకే పంజరంలో వదిలేస్తే చాలు, కాలనీ దానంతటదే పెరుగుతుంది" అని ఎలుకల పెంపకంలో కొత్తవాళ్లకు చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఎలుకలు ఈనడానికి మన తెలివి అక్కర్లేదు. ఆడది నాలుగైదు రోజులకోసారి ఎదకొస్తుంది, చూడి కడితే 21 నుంచి 23 రోజుల్లో ఈనుతుంది. పుట్టిన పది కూనల్లో మూడు వారాలు నిండి పాలు మరిచేసరికి ఎన్ని పుష్టిగా ఉన్నాయో అది చెప్పండి.

అసలు తప్పు మగదాన్ని తియ్యకపోవడం. ఈనిన 24 గంటల్లోపే ఆడది మళ్లీ ఎదకొస్తుంది. మగది పక్కనుంటే అప్పుడే చూడి కట్టేస్తుంది. ఇక ఒక ఈతకు పాలిస్తూ ఇంకో ఈతను కడుపులో మోయాలి. పాత కూనలు ఇంకా పంజరంలో ఉండగానే కొత్తవి పుడితే పెద్దవి పాలన్నీ లాగేస్తాయి, చిన్నవి కాళ్లకింద నలుగుతాయి. ఇలా వరసగా ఈనిస్తే తల్లి చిక్కిపోతుంది, కూనలూ బక్కగా పుడతాయి. రెండు వారాలకు పొట్ట తెలుస్తుంది కదా, 18వ రోజుకల్లా దాన్ని గూడు కట్టుకోవడానికి చింపిన కాగితాలతో వేరే పెట్టెలోకి మార్చండి. పాలు మాన్పించాక కనీసం మూడు వారాలు ఒంటికి సత్తువ రానివ్వండి. తొలి ఈత నాలుగైదు నెలల వయసులో మంచిది. ఏడాది దగ్గరపడ్డదాన్ని తొలిసారి కట్టించొద్దు, కాన్పు కష్టమవుతుంది.

"తల్లి పిల్లల్ని తినేసింది" అని దాన్ని తిట్టేముందు నీళ్ల సీసా చూడండి. పాలిచ్చే తల్లి మామూలుకన్నా చాలా ఎక్కువ తాగుతుంది. గొట్టం మూతికి పొట్టు అడ్డుపడితే ఒక్క రాత్రిలో పాలు పడిపోతాయి. మేతలో ప్రోటీన్ 18 శాతం కన్నా తగ్గినా, తొలి మూడు రోజులు గూడు పదేపదే కదిపినా అంతే. తల్లి మేతకు బయటికొచ్చినప్పుడు ఒక్కసారి చూస్తే చాలు: వెంట్రుక రాని కూన పొట్టలో తెల్లటి పాల మచ్చ కనబడుతుంది. అది లేని కూన ఆకలితో ఉన్నట్టే.

ఇక గాజు తొట్టెలు. గాలాడక ఉచ్చలోంచి పుట్టే అమ్మోనియా అడుగునే, సరిగ్గా వాటి ముక్కు దగ్గర నిలుస్తుంది. మైకోప్లాస్మా అనే ఊపిరి జబ్బు తెచ్చే బాక్టీరియా ఒంట్లో ఉన్న ఎలుకలకు ఊపిరితిత్తులు దెబ్బతినేది ఇక్కడే. మనకు వాసన తగిలిందంటే అప్పటికే ఆలస్యం. కమ్మీల పంజరమో జాలీ మూతో ఉండాలి, దేవదారు, పైన్ పొట్టు వెయ్యొద్దు. ఈనడానికి రెండు మూడు రోజుల ముందు పరుపు మార్చి, తర్వాత కొన్నాళ్లు గూడు జోలికి పోకండి.

లైటు రాత్రంతా వెలిగించి పెట్టే అలవాటు కూడా మానాలి. ఎడతెగని వెలుతురులో ఆడవాటికి అండం విడుదల కావడమే ఆగిపోతుంది. 12 గంటలు వెలుగు, 12 గంటలు చీకటి.

ఐదు వారాలు నిండేలోగా మగ కూనల్ని వేరుచెయ్యండి, ఆలస్యమైతే అవి తల్లినీ ఆడ తోబుట్టువులనీ చూడి చేసేస్తాయి. పంజరానికో కార్డు పెట్టి తల్లి, తండ్రి, ఈనిన తేదీ, పుట్టినవి, మిగిలినవి రాయండి. వరసగా రెండు ఈతలు సగానికి సగం పోగొట్టుకున్న తల్లిని మళ్లీ మగదాని దగ్గరికి పంపకండి, దాని కూతుళ్లనూ పెంపకానికి ఉంచుకోకండి.