ఎక్స్‌రే ఒక్కటే చాలదు
మైలోమా (ఎముక మూలుగలో పుట్టే రక్తక్యాన్సర్) రోగుల ఎముకలను చూడడానికి ఎక్స్‌రే చాలన్న వ్యాసం ఒకటి చదివాను, దానితో ఏకీభవించలేను. ఈ వ్యాధి ఎముకను తొలిచి రంధ్రాలు చేస్తుంది; కానీ ఎముకలోని ఖనిజం సుమారు 30 నుంచి 50 శాతం తరిగితే తప్ప ఎక్స్‌రేలో రంధ్రం కనిపించదు. అమలాపురం దగ్గర కొబ్బరితోట చూసుకునే మా పెదనాన్నగారి నడుము ఎక్స్‌రే ఫిల్మును డాక్టరు కిటికీ వెలుగుకు ఎత్తి చూసి, వయసు వల్ల వచ్చిన అరుగుదలేనని చెప్పి పంపేశారు. తర్వాత కాకినాడలో తీయించిన ఎంఆర్‌ఐలో రెండు వెన్నుపూసల మూలుగలో మచ్చలు బయటపడ్డాయి. ఒళ్లంతా తీసే తక్కువ రేడియేషన్ సీటీ నిమిషాల్లో పూర్తయి చిన్న రంధ్రాలను కూడా పట్టిస్తుంది గానీ, ఎముక దెబ్బతినకముందే మూలుగలో చేరిన వ్యాధిని చూపడంలో ఎంఆర్‌ఐదే పైచేయి. 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణాలు 5 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న అలాంటి మచ్చలు ఒకటికి మించితే చికిత్స అవసరమైన వ్యాధిగానే లెక్కగట్టాయి. మందు పనిచేస్తోందో లేదో తేల్చడానికి మాత్రం పెట్ సీటీ (చురుగ్గా ఉన్న క్యాన్సర్ కణాలను చూపే స్కాన్) మేలు, ఎందుకంటే అణగారిన మచ్చ కూడా ఎంఆర్‌ఐలో నెలల తరబడి అలాగే కనిపించవచ్చు. ఖర్చు ఎక్కువన్న మాట నిజమే. అయినా మొదటి పరీక్షగా ఎక్స్‌రేకు బదులు కనీసం ఆ తక్కువ రేడియేషన్ సీటీనైనా రాయాలి.