తోడేలు డెన్వర్‌ది, దూడ రైతుది

2025 మార్చిలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, గ్రాండ్ కౌంటీలో రెండంటే రెండు పశువుల రాంచ్‌లకు తోడేళ్ల వల్ల జరిగిన నష్టానికి పరిహారం కింద 3.4 లక్షల డాలర్ల పైచిలుకు మంజూరైంది. ఈ పద్దుకి ఏడాది మొత్తానికీ పెట్టుకున్నదే 3.5 లక్షలు! రైతులు దోచేస్తున్నారని రాజధాని డెన్వర్ సిటీలో గోల. ఆ పరిహారం బిల్లు ఒకసారి సరిగ్గా చదవండి.

అందులో పెద్ద భాగం తోడేలు చంపిన పశువులకు కాదు. దూడలు బరువు తగ్గినందుకు, ఆవులు చూడి కట్టనందుకు. రాత్రంతా తోడేళ్లు చుట్టూ తిరిగితే మంద గుమిగూడి నిలబడిపోతుంది, మేత ముట్టదు. తెల్లారి మందను తోలడానికి రైతు తన కుక్కను వదిలితే, దాన్నీ తోడేలే అనుకుని ఆవులు కొమ్ములు దించి మీదికొస్తాయి. ఏళ్లుగా ఆ మందతో తిరిగిన కుక్క ఇక పనికిరాదు, దీనికి పంచనామా ఎవరు రాస్తారు?

డెన్వర్ శివారులో ఉండే మా పెదనాన్న కొడుకు తోడేళ్లను మళ్లీ తెచ్చి వదలాలా వద్దా అని 2020లో రాష్ట్రమంతా జరిగిన ఓటింగ్‌లో కావాలనే ఓటేశాడు. రాష్ట్రం మొత్తం మీద జబ్బులకీ చలికీ పోయే పశువులతో పోలిస్తే తోడేలు తినేదెంతరా అంటాడు. లెక్క నిజమే. కానీ ఆ దెబ్బ రాష్ట్రమంతా సమానంగా పంచుకుని పడదు కదా, ఒక గుంపు ఒక లోయలో మకాం వేస్తే ఆ ఇద్దరు ముగ్గురు రైతులే మునుగుతారు.

ఆ ఓటింగ్‌లో గెలిచింది 50.9 శాతంతో, అదీ డెన్వర్, బౌల్డర్ ఓట్ల పుణ్యాన. వదలాల్సింది మాత్రం రాకీ కొండలకు పడమటే అని ముందే రాసిపెట్టుకున్నారు. 2023 డిసెంబర్‌లో ఒరెగాన్ నుంచి 10, 2025 జనవరిలో బ్రిటిష్ కొలంబియా నుంచి 15 తెచ్చి అక్కడే వదిలారు. మక్కువ పట్నానిది, కాపలా పల్లెది. మన దక్కన్‌లో మాత్రం వేరేనా? ఇక్కడి తోడేళ్లు ఎక్కువగా బతుకుతున్నది అభయారణ్యాల్లో కాదు, కురుమలు, గొల్లలు గొర్రెలు మేపే బీళ్లలో. వాటిని ఇన్నాళ్లూ సాకింది ఎవరి గొర్రెలో ఎవరూ అడగరు.

తోడేళ్లు ఉండనీండి, నాకేం అభ్యంతరం లేదు. బిల్లు మాత్రం ఓటేసినవాళ్ల ఇంటికే పంపండి. కొలరాడోలో తోడేలు బొమ్మ నంబర్ ప్లేటు అమ్ముతున్నారు, ఆ డబ్బు మందలను కాపాడే పనులకే పోతుంది. మా అన్న కారుకి ఇంకా పాత ప్లేటే ఉంది.