తాళం నా చేతిలో, ఇంజిన్ దాని ఇష్టం

మా నాన్నగారు నాకు వదిలి వెళ్ళిన ఆస్తులు రెండు. ఒకటి ఊళ్ళో ఎకరం మెట్ట, దాని మీద కోర్టు కేసుంది. రెండోది 1978 మోడల్ అంబాసిడర్ మార్క్ 3. దీని మీద ఏ కేసూ లేదు, అదే నా ఖర్మ. ఉండుంటే వాయిదాకీ వాయిదాకీ మధ్య దాన్ని ముట్టుకోకుండా పడుండేవాణ్ణి.

ఇంజిన్‌ని ఒక్క మాట అనడానికి లేదు. 1489 సీసీ పెట్రోలు, ఇడ్లీ పాత్రంత నెమ్మది. గొడవంతా కరెంటుతోనే. నలభై ఏళ్ళలో దాన్ని చూసిన ప్రతి ఎలక్ట్రీషియనూ ఒక వైరు కలిపాడే తప్ప ఒక్కడూ ఒక్క వైరు తీసిన పాపాన పోలేదు. పైగా నాన్నగారు ఎప్పుడో పాత సామాన్ల కొట్లో ఎర్ర వైరు చుట్ట చవగ్గా దొరికిందని మొత్తం కొనేశారు. పాత బ్రిటిష్ పద్ధతిలో అయితే బండికి కరెంటు పుట్టించే డైనమోకి వెళ్ళేది గోధుమ రంగు మీద పసుపు గీత, అందులోని ఫీల్డు అనే తీగచుట్టకి వెళ్ళేది గోధుమ మీద ఆకుపచ్చ గీత, ఇలా దేని రంగు దానిది. మా బండిలో లైటుకి ఎరుపు, హారన్‌కి ఎరుపు, ఎర్త్‌కి కూడా ఎరుపే. హారన్‌కి స్టీరింగ్ పక్కన కాలింగ్ బెల్ స్విచ్ ఉంటుంది. వెనక సీటు వాళ్ళకో బుల్లి ఫ్యాను. డ్యాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి ఫోటో, దాని వెనక ఎర్ర బల్బు. దాన్ని బ్రేకు లైటుకి కలిపారు కాబట్టి బ్రేకు తొక్కినప్పుడల్లా స్వామి వెలిగేవాడు. ఆపదలోనే కదరా ఆయన కావలసింది అనేవారు నాన్నగారు, దానికి ఎదురు చెప్పడం ఇప్పటికీ నా వల్ల కాలేదు.

ఇన్నిటినీ మోయాల్సింది డైనమో. ఎంత కిందామీదా పడినా అది ఇచ్చేది 22 ఆంపియర్లు, అది కూడా బండి పరుగెత్తుతున్నప్పుడే. సాయంత్రం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ నెమ్మదిస్తుంది, డైనమో నిద్రపోతుంది, హెడ్‌లైట్లు దీపం వత్తిలా అయిపోతాయి, అమ్మీటర్ ముల్లు మైనస్‌లోకి జారిపోతుంది, మీదనుంచి వాన పడితే వైపర్లా లైట్లా ఏదో ఒకటే అని తేల్చుకోవాలి. డైనమో పనే చేసే కొత్త తరం ఆల్టర్నేటర్ అయితే బండి నిలబడి ఉన్నా బ్యాటరీని ఛార్జి చేస్తుంది. అందుకని తర్వాతి కాలం అంబాసిడర్‌లోంచి ఊడదీసిన ఆల్టర్నేటర్ ఒకటి సంపాదించి, ఒక శనివారం మధ్యాహ్నం మా బావమరిదిని సాయం పెట్టుకుని పనిలోకి దిగాను.

బిగించడం గంటలో అయిపోయింది. వెనక మూడు టెర్మినళ్ళు: లావువి రెండు, సన్నది ఒకటి. లావువి రెండూ ఒకటే, బ్యాటరీకి. డైనమోకీ బ్యాటరీకీ మధ్య ఉండే పాత కటౌట్ పెట్టె పీకేశాం. స్టార్ట్ చేసి బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే 12.2 వోల్టులు. ఎంత యాక్సిలరేటర్ తొక్కినా 12.2 నుంచి కదల్లేదు, అంటే ఛార్జి కావడం లేదన్నమాట.

"బావా, ఆ సన్న టెర్మినల్‌కి తాళం తిప్పగానే కరెంటు రావాలట" అన్నాడు మావాడు ఫోన్లో వీడియో చూస్తూ. వాడు ఏ వీడియో అయినా రెట్టింపు వేగంలో చూస్తాడు. ఆ కరెంటు "బల్బు గుండా" రావాలి అన్న ముక్క ఆ వేగంలోనే ఎగిరిపోయిందని నాకు మర్నాటికి గానీ తెలియలేదు.

ఇగ్నిషన్ స్విచ్ నుంచి సన్న టెర్మినల్‌కి తిన్నగా ఒక వైరు లాగాం. ఎరుపే, ఇంకా అర చుట్ట మిగిలుంది మరి. స్టార్ట్ చేశాను. 14.2! ఇంజిన్ నింపాదిగా ఉండగానే హెడ్‌లైట్లు వేశాం, ఫ్యాను వేశాం, వైపర్లు వేశాం, అయినా 14కి తగ్గలేదు. ఇద్దరం గ్రీజు చేతులతోనే కౌగిలించుకున్నాం.

తాళం తిప్పి ఆపేశాను. ఇంజిన్ ఆగలేదు.

మళ్ళీ తిప్పాను. తాళం బయటికే తీసేశాను. తాళం నా చేతిలో ఉంది, బండి డుబుడుబుమంటూ నడుస్తోంది, వైపర్లు పొడి అద్దాన్ని కిర్రుమంటూ తుడుస్తున్నాయి. పదేళ్ళు స్టార్ట్ అవ్వమని కాళ్ళావేళ్ళా పడ్డ బండి, ఆ రోజు ఆగమంటే వినలేదు.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "ఏవండీ, ఇక ఆపండి, కూర మాడిందేమోనని ఇప్పటికి రెండుసార్లు స్టవ్ చూసొచ్చాను."

"ఆపేశాను."

"మరి ఆ మోతేంటి?"

తాళంచెవి ఎత్తి చూపించాను. ఆమె తాళాన్ని చూసింది, బండిని చూసింది, తర్వాత తమ్ముడి వైపు తిరిగి "నువ్వు లోపలికి రారా" అంది.

వాడు వెళ్ళలేదు. స్పానర్ తీసుకుని బ్యాటరీ మీదకి వెళ్ళాడు. అప్పుడు నేను పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించిందట. ఆల్టర్నేటర్ తిరుగుతుండగా బ్యాటరీ ఊడదీస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగదన్ని లోపలి డయోడ్లు మాడిపోతాయి, ఆ ఒక్క సంగతి మాత్రం నాకు ముందే తెలుసు. పోనీ ఇంజిన్‌కి నిప్పురవ్వ అందించే ఇగ్నిషన్ కాయిల్ వైరు పీకుదామంటే అక్కడ టేపు ముద్దలోంచి ఎర్రవి నాలుగు బయటికొచ్చాయి. ధైర్యం చేసి ఒకటి పీకాను. వైపర్లు ఆగాయి. రెండోది పీకడానికి ధైర్యం చాల్లేదు.

ఇక మిగిలింది పాత పద్ధతి. నాలుగో గేరులో వేసి, బ్రేకు గట్టిగా నొక్కిపట్టి, క్లచ్ వదిలితే ఎంత మొండి ఇంజిన్ అయినా చచ్చినట్టు ఆగాల్సిందే. కానీ మా బండి గేరు కర్ర స్టీరింగ్ పక్కన ఉంటుంది, దాని కీళ్ళన్నీ అరిగిపోయాయి, నాలుగు అనుకుని వేసింది రివర్స్‌లో పడింది. బ్రేకు తొక్కాను, స్వామి వెలిగాడు, క్లచ్ వదిలాను. బండి వెనక్కి ఒక్క గెంతు గెంతి, గేటు గడియ వంచి, ఆగింది. సాయంత్రం వాకింగ్‌కి బయల్దేరి గేటు దగ్గర తమాషా చూస్తున్న పక్కింటి మాస్టారు కూడా గెంతారు. డెబ్బై రెండేళ్ళ మనిషి, నిజం చెప్పాలంటే బండి కన్నా ఆయనే ఎక్కువ దూరం గెంతారు.

మర్నాడు ఆటోనగర్ బయల్దేరాను. దారిలో పెట్రోలు బంకులో కుర్రాడు "ఇంజిన్ ఆపండి సార్" అన్నాడు. "ఒక్క నిమిషం బాబూ, గేరు దొరకాలి" అన్నాను. వాడు పైపు పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆటోనగర్‌లో నాన్నగారి కాలం నుంచి మాకు తెలిసిన ముసలి ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర మల్టీమీటర్ లేదు, హోల్డర్‌కి రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపు ఒకటుంది. టీ తాగుతూనే బానెట్‌లోకి తొంగిచూసి, కొత్త ఎర్ర వైరు కొసని వేలితో మీటి, "ఛార్జింగ్ బల్బేది బాబూ?" అన్నాడు.

"బల్బెందుకు బాబాయ్? ఛార్జి అవుతోంది కదా."

"అది ఊరికే చూసుకోవడానికి పెట్టింది కాదు. డైనమో మీ నాన్నగారి లాంటిది, లోపల ఇనుములో మిగిలిన కాస్త అయస్కాంతంతో తనంతట తనే లేస్తుంది. ఆల్టర్నేటర్ నీలాంటిది, ఎవరో ఒకరు లేపాలి. ఆ బల్బు గుండా వెళ్ళే కాస్త కరెంటే దాన్ని లేపేది. లేచాక అదీ పన్నెండు పధ్నాలుగు వోల్టులిస్తుంది, బల్బుకి ఇటూ అటూ సమానమై ఆరిపోతుంది. నువ్వు మధ్యలో బల్బు లేకుండా తిన్నగా కలిపేస్తే, తాళం తీశాక ఆల్టర్నేటర్ కరెంటు ఆ దారినే వెనక్కొచ్చి కాయిల్‌కి అందుతుంది. ఇంజిన్ తిరిగితే ఆల్టర్నేటర్ తిరుగుతుంది, అది తిరిగితే ఇంజిన్ తిరుగుతుంది. ఇక తాళంతో పనేముంది?"

డ్యాష్‌బోర్డు వెనక ఛార్జింగ్ లైటు హోల్డర్ తుప్పుపట్టి ఖాళీగా ఉంది. అందులో ఉండాల్సిన బల్బు ఏమైందా అని ముసలాయన ఎర్ర వైర్లలో చెయ్యిపెట్టి వెతుక్కుంటూ పోయి, చివరికి స్వామి ఫోటో వెనక తేలాడు. బల్బు అక్కడుంది. నాన్నగారే పెట్టి ఉంటారు. డైనమోకి దాంతో పనిలేదు కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు.

కొత్త హోల్డర్ కోసం డ్యాష్‌బోర్డంతా ఊడదీయడం ఆయనకి బద్ధకం. బల్బుని ఉన్నచోటే ఉంచి, బ్రేకు వైరు తీసేసి, ఒక కొస ఇగ్నిషన్‌కీ ఇంకో కొస సన్న టెర్మినల్‌కీ కలిపాడు. పావుగంట పని. తాళం తిప్పాను, స్వామి వెలిగాడు. స్టార్ట్ చేశాను, స్వామి ఆరిపోయాడు. తాళం తీశాను, ఇంజిన్ ఆగింది. ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో.

మా అమ్మకి మాత్రం ఈ ఏర్పాటు నచ్చలేదు. "బండి నడుస్తున్నంతసేపూ స్వామిని చీకట్లో కూర్చోబెట్టడమేంట్రా? మీ నాన్న ఉంటే ఊరుకునేవారా?" అని వారం రోజులు సాధించింది. ఆల్టర్నేటర్ బాగా పనిచేస్తే స్వామి వెలగడమ్మా అని ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు.

మొన్న మంగళగిరి గుడికి వెళ్తుంటే సగం దారిలో ఫోటో వెనక బల్బు ఎర్రగా భగ్గుమంది. అమ్మ వెనక సీట్లోంచి రెండు చేతులూ జోడించి, "చూశావా, ఇన్నాళ్ళకి కరుణించాడు" అంటూ గోవిందనామాలు అందుకుంది. నేను బండి పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, తెగిన ఫ్యాన్ బెల్టు ముక్కలు ఏరుకుంటున్నాను.